చేతిఫోనుతో దూరదర్శినిని నడుపుట

2025వ సంవత్సరము జనవరి 31వ తేది శుక్రవారము సాయంకాలము మన పాఠశాల క్రీడాస్థలమున నక్షత్రదర్శనము ఏర్పాటు చేసితిమి. విద్యార్థులు, తల్లిదండ్రులు, వసతిగృహపు వంటవారు, రాత్రి కావలివాడు మొదలగువారు పలువురు వచ్చి చూచిరి. నాలుగు దినములు గడచిన పిమ్మట ఎనిమిదవ తరగతి విద్యార్థిని యొకతె తండ్రిగారి యొద్దనుండి మాకొక ఉత్తరము వచ్చెను. అందలి మాటలివి: "అయ్యా, బడికి ఫోను తెచ్చిన పిల్లల యొద్దనుండి దానిని తీసికొని తల్లిదండ్రులను పిలిపించుచున్నారు. ఆ రాత్రి మీరే మా అమ్మాయి చేతికి ఫోనిచ్చి రెండు గంటలసేపు దానితోనే కూర్చుండనిచ్చితిరట. ఆకాశము చూపెదమని పిలిచి ఫోను చూపితిరా?"

ఈ ప్రశ్న న్యాయమైనది. వ్రాసినవారు ఒక్కరే అయినను, అట్లు తలంచినవారు మరికొందరు ఉందురని మాకు తెలియును. కావున ఆ బాలిక చేతిలోనిది ఆ రెండు గంటలు ఏమి పని చేసెనో, అది లేకున్న ఏమి లోపించెడిదో ఈ వార్షిక సంచికలో వివరించుట మా విధియని తలంచితిమి.

మన పాఠశాలకు పూర్వవిద్యార్థి యొకరు బహూకరించిన దూరదర్శిని ఐదంగుళముల అద్దము గలది. అద్దము గొట్టము అడుగున నుండును. దానిమీద పడిన వెలుతురు పైకి మరలి, గొట్టము పైకొన సమీపమున నున్న చిన్న అద్దముచే ప్రక్కకు త్రిప్పబడి, కంటికటకములోనికి వచ్చును. అద్దపు నాభ్యంతరము 650 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల కంటికటకము పెట్టినచో వస్తువు 65 రెట్లు పెద్దదిగా కనబడును. శనిగ్రహపు వలయము, గురుగ్రహపు నాలుగు చంద్రులు చూచుటకు ఇది చాలును. గెలీలియో 1610 జనవరిలో ఆ నాలుగు చంద్రులను కనుగొన్నప్పుడు ఆయన చేతిలోని గొట్టము ఇంతకంటె మిక్కిలి అల్పమైనది.

అయితే 65 రెట్లు పెంచునది గ్రహమును మాత్రమే కాదు. మన వ్రేలు తగిలిన గొట్టమునకు కలుగు వణకును కూడ 65 రెట్లు పెంచును. పిల్లవాడు ఆత్రముతో కంటికటకమును పట్టుకొనగానే గురుడు నీటిలో పడిన దీపపు నీడవలె చెదరిపోవును. అది కుదుటబడుటకు రెండు మూడు సెకనులు పట్టును. ఆ లోపల వెనుకనున్నవాడు "త్వరగా చూడరా" అని త్రోయును.

ఇంతకంటె పెద్ద చిక్కు భూమి తిరుగుట. భూమి దాదాపు 24 గంటలకు 360 భాగలు తిరుగుచున్నది గదా. అనగా గంటకు 15 భాగలు. నాలుగు నిమిషములకు ఒక భాగ. 65 రెట్లు పెంచినప్పుడు మన కంటికటకములో కనబడు ఆకాశపు వెడల్పు ముప్పాతిక భాగ మాత్రమే. కావున కదలని గొట్టములో ఒక అంచున ప్రవేశించిన గ్రహము సుమారు మూడు నిమిషములలో రెండవ అంచున దాటిపోవును. నలువదిమంది పిల్లలు వరుసగా నిలిచినప్పుడు ఈ మూడు నిమిషములు ఎంత? ఇద్దరు ముగ్గురు చూచునప్పటికి గ్రహము జారిపోవును. మేము వచ్చి గొట్టమును నెట్టి, వెదకి, మరల నిలుపవలెను. నెట్టినప్పుడెల్ల వణకు. వెనుకటి సంవత్సరములలో మేమట్లే చేసితిమి. అప్పుడు మేము గమనించిన దొకటి చెప్పెదము. కొందరు పిల్లలు "ఏమియు కనబడలేదండి" అని నిజము పలికెడివారు. మరికొందరు, ముఖ్యముగా వినయము గల పిల్లలు, వెనుకవారికి ఆలస్యమగునని, ఉపాధ్యాయునికి కష్టము కలుగునని, ఏమియు చూడకయే "చూచితినండి" అనుచు తొలగిపోయెడివారు. ఆ మాట మాకు ములుకువలె తగిలెడిది.

ఈ చిక్కు మనది మాత్రమే కాదు. 1824లో ఫ్రౌన్‌హోఫర్ అను జర్మను శిల్పి డోర్పాటు వేధశాలకు చేసియిచ్చిన గొప్ప దూరదర్శినికి గడియారపు యంత్రమువంటిదానిని అమర్చెను. మెల్లగా క్రిందికి దిగు బరువొకటి దానిని నడపెడిది. భూమి ఎంత వేగముతో తూర్పునకు తిరుగునో, గొట్టము అంతే వేగముతో పడమటికి తిరిగెడిది. నక్షత్రము కంటికటకములో కదలక నిలిచియుండెడిది. నేడు ఆ బరువు పనిని బ్యాటరీతో నడచు చిన్న మోటారులు చేయుచున్నవి.

మన దూరదర్శిని పీఠములో ఇట్టి మోటారులు రెండున్నవి. ఒకటి గొట్టమును దిక్కులవెంట చుట్టును త్రిప్పును. రెండవది దానిని పైకిని క్రిందికిని ఎత్తి దించును. మోటారు తిరుగుడు సూటిగా గొట్టమునకు రాదు. మరవంటి ఇరుసొకటి పండ్లచక్రముతో తగులుకొని యుండును. ఇరుసు ఒక చుట్టు తిరిగినచో చక్రము ఒక్క పన్ను మాత్రము జరుగును. చక్రమునకు 180 పండ్లు ఉన్నవనుకొందము. అప్పుడు ఇరుసు ఒక చుట్టు తిరిగినచో చక్రము రెండు భాగలు జరుగును. నక్షత్రమును వెంబడించు పీఠపు ఇరుసు భూమియిరుసుతో సమానముగా వాలియున్నచో, దీనిని ఎనిమిది నిమిషముల కొక చుట్టు చొప్పున త్రిప్పిన చాలును. పై తరగతుల విద్యార్థులు లెక్కవేసి చూచుకొనవచ్చును. చక్రము ఎంత జరిగినదో తెలిసికొనుటకు అంచున సన్నని చీలికలు గల బిళ్ళ యొకటి వెలుతురు ముందర తిరుగుచుండును. వెలుతురు ఎన్నిసార్లు తెగినదో లెక్కించి, గొట్టము ఎంత దూరము తిరిగెనో యంత్రము తెలిసికొనును. చీకటిలో మెట్లు లెక్కించుకొనుచు దిగువాని పద్ధతియే ఇది.

ఇక యంత్రమునకు ఎటు తిరుగవలెనో తెలియుట ఎట్లు? భూమిమీద ఊళ్ళకు అక్షాంశ రేఖాంశములు ఉన్నట్లే ఆకాశమున నక్షత్రములకు క్రాంతి, విషువాంశము అను రెండు కొలతలు కలవు. రోహిణీ నక్షత్రపు విషువాంశము 4 గంటల 36 నిమిషములు, క్రాంతి ఉత్తరముగా 16 భాగల 31 కళలు. ఈ కొలతలు మన జీవితకాలములో కంటికి తెలియునంతగా మారవు. అయితే మన మైదానమున నిలిచి చూచువానికి రోహిణి సాయంకాలమొకచోట, అర్ధరాత్రి మరియొకచోట నుండును. కావున యంత్రము ఆ మారని కొలతలనుండి "ఇప్పుడు, ఇక్కడనుండి, ఏ దిక్కున, ఎంత ఎత్తున" అను రెండు కొలతలను లెక్కగట్టుకొనవలెను. అందులకు మూడు సంగతులు తెలియవలెను: మనమున్న చోటు, తేది, సమయము.

ఈ చోట మా అవివేకము నొకదానిని ఒప్పుకొనవలెను. 2024 డిసెంబరు 5వ తేదిన ఈ పీఠమును మొదట పరీక్షించితిమి. అప్పుడు ఫోను లేదు; మీటలు గల చేతిపెట్టె యొకటి తాడువంటి తంతితో పీఠమునకు తగిలించియుండెను. అది తేదిని అడుగగా మన అలవాటు చొప్పున 5, 12 అని వ్రాసితిమి. తరువాత గురుగ్రహమును చూపుమంటిమి. "ఆ గ్రహము క్షితిజమునకు దిగువ నున్నది" అని పెట్టె సమాధానమిచ్చెను. గురుడో, తూర్పున మా యెదుటనే దీపమువలె వెలుగుచుండెను! అరగంటసేపు బ్యాటరీని, తంతిని, ముక్కాలిని అనుమానించి, తుదకు తెలిసికొనినదేమన, ఆ పెట్టె అమెరికా వారి రీతిని నెలను ముందుగా, దినమును వెనుకగా చదువును. మేము వ్రాసినది దానికి మే 12వ తేది. ఆ మే నెలలో గురుడు సూర్యునికి అతిసమీపమున నుండి, సూర్యునితోకూడ అస్తమించియుండెను. యంత్రము చెప్పినది ఆ తేదికి సత్యమే. అబద్ధమాడినవారము మేము.

చేతిఫోను ఉన్నచో ఈ పొరపాటు కలుగదు. ఫోను తన చోటును కృత్రిమ ఉపగ్రహముల సంకేతములనుండి తెలిసికొనును. తేదిని సమయమును ఎవరును వ్రాయనక్కరలేదు. పై మూడు సంగతులను అది తానే పీఠమునకు అందించును.

ఇంతమాత్రముచే పని తీరదు. పీఠమునకు ఉత్తరపు దిక్కు ఎటున్నదో, ముక్కాలి నేలమీద సమముగా నున్నదో లేదో తెలియదు. క్రొత్త యింటిలోనికి వచ్చిన చూపులేని మనుష్యుని చేతిని పట్టుకొని "ఇది తూర్పు స్తంభము, ఇది దక్షిణపు స్తంభము" అని రెండు స్తంభములను తాకించినచో, తక్కిన యింటిని అతడు ఊహించుకొనగలడు. యంత్రమునకు తాకింపవలసిన స్తంభములు ప్రకాశవంతమైన నక్షత్రములు. మేమొక నక్షత్రమును పేర్కొని, గొట్టమును త్రిప్పి, అది కంటికటకపు నడుమ నిలుచునట్లు చేసి, "ఇదియే" అని తెలుపుదుము. తరువాత రెండవ నక్షత్రము. ఈ రెండును ఒకదాని కొకటి చాల దగ్గరగా నుండరాదు. సరిగా ఎదురెదురుగాను ఉండరాదు. స్తంభములు రెండును ఒక మూలనే యున్నచో ఇల్లు తెలియదు గదా. ఆ రాత్రి మేము రోహిణిని, మృగవ్యాధుని ఎన్నుకొంటిమి.

నక్షత్రములను గుర్తించు ఈ పని మాత్రము ఏ యంత్రమును మా బదులు చేయలేదు. రోహిణి యేదో ఎరుగనివాడు మరియొక నక్షత్రమును నడుమ నిలిపి "ఇదియే రోహిణి" యనినచో యంత్రము నమ్మును. రాత్రియంతయు తప్పుచోట్లు చూపును. ఫోనులోని కెమెరాతో ఆకాశమును ఫొటో తీసి, తారల అమరికను పోల్చి, తనంతట తానే దిక్కు తెలిసికొను పరికరములు ఇటీవల వచ్చినవి. అవి మన యొద్ద లేవు. లేకపోవుట మన పిల్లలకు మంచిదే అయినదని మా అభిప్రాయము.

ఇక తంతిలేకుండ మాట ఎట్లు చేరుచున్నదో చూతము. ఇది వినుటకు క్రొత్తగా నున్నను దీని మూలము ప్రాతదే. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున కలకత్తాలో జగదీశచంద్ర బోసు గోడలగుండ అదృశ్య తరంగములను పంపి దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చెను. 1898లో న్యూయార్కు నగరమున నికోలా టెస్లా నీటితొట్టిలోని చిన్న పడవను తంతులు లేకయే దూరమునుండి త్రిప్పి చూపెను. మన పీఠము ఆ పడవకు మునిమనుమరాలు.

పీఠములో వైఫై అను చిన్న రేడియో యంత్రము కలదు. అది సెకనునకు సుమారు 240 కోట్ల కంపనములు గల తరంగములను పుట్టించును. వాని పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లు, అనగా జానెడులో సగమునకు కొంచెము పైబడి. ఫోనులోను అట్టిదే యుండుటచే రెండును కొన్ని గజముల దూరమున మాటలాడుకొనగలవు. ఇందులకు ఇంటర్నెట్టు అక్కరలేదు. ఈ సంగతిని తల్లిదండ్రులు గమనింతురు గాక. ఆ రెండు గంటలు ఆ ఫోనునకు బయటి లోకముతో సంబంధమే లేదు. అందులో సిము బిళ్ళయే పెట్టలేదు. దానికి తెలిసినది ఎదుటనున్న పీఠమొక్కటే. సినిమాలు గాని, ఆటలు గాని, ఇరుగుపొరుగు వారి ముచ్చట్లు గాని దానిలోనికి వచ్చుటకు దారిలేదు.

ఆ రెండును మాటలాడుకొను భాష ఎట్టిదని కొందరు విద్యార్థులు అడిగిరి. ఒక్కొక్క పీఠమునకు ఒక్కొక్క భాష కలదు గాని, 1990లకు పూర్వోత్తరముల మీడ్ అను సంస్థవారు ఎల్‌ఎక్స్200 అను దూరదర్శినికై యేర్పరచిన భాషను నేటికిని పెక్కు యంత్రములు ఎరుగును. అందులో ప్రతి ఆజ్ఞయు రెండు చుక్కల గుర్తుతో మొదలిడి, హ్యాష్ గుర్తుతో ముగియును. నడుమ జి, ఆర్ అను అక్షరములున్నచో "ఇప్పుడు నీవు చూచుచున్న చోటి విషువాంశమెంత?" అని అర్థము. జి, డి అనిన క్రాంతిని అడుగుట. ఎస్ అక్షరముతో చేరవలసిన చోటును తెలిపి, ఎమ్, ఎస్ అనినచో "అచటికి పొమ్ము" అని ఆజ్ఞ. పోగలిగినచో యంత్రము సున్న అని బదులిచ్చును. క్షితిజమునకు దిగువనైనచో ఒకటి యని మొదలిడి కారణము చెప్పును. క్యూ అనగా "ఆగుము". పోస్టుకార్డుపై వ్రాయు అడ్రసుకంటె చిన్నవి ఈ ఆజ్ఞలు. అంత పెద్ద గొట్టమును ఆకాశముపై త్రిప్పుటకు పట్టుడు అక్షరములు కొద్ది మాత్రమే యని తెలిసినప్పుడు పదవ తరగతి పిల్లలు నమ్మకపోయిరి. మేము నల్లబల్లమీద వ్రాసి చూపవలసి వచ్చెను.

ఇచట ఒక సూక్ష్మము కలదు. ఫోను గొట్టమును త్రిప్పదు. పోవలసిన చోటును మాత్రము చెప్పును. లెక్కించుట, త్రిప్పుట, భూభ్రమణమును వెంబడించుట పీఠములోని యంత్రము పని. కావున గ్రహమును చూచుచుండగా ఫోను బ్యాటరీ అయిపోయినను గ్రహము కంటికటకమునుండి జారిపోదు. "ఫలాని చోటికి పోయి రమ్ము" అని నమ్మకమైన పనివానికి చెప్పుట వేరు. అతని చేయి పట్టుకొని అడుగడుగునకు నడిపించుట వేరు.

ఆ రెండవ పద్ధతియు ఫోనులో కలదు. తెరమీది బాణపు గుర్తును నొక్కి పట్టుకొన్నంతసేపు గొట్టము అటు కదలును, వదలగానే ఆగును. ఆగుటకు కారణము, వ్రేలు తీయగానే ఫోను "ఆగుము" అను మాటను పంపుట. మరి ఆ మాట చేరకపోయినచో? జనవరి మొదటి వారమున మాకట్లే అయినది. అప్పుడు మేము మా సొంత ఫోనునే వాడుచుంటిమి. ఫోనులకు ఒక స్వభావము కలదు: ఇంటర్నెట్టు లేని వైఫై కనబడినచో, ఇది పనికిమాలినదని తలంచి, మనల నడుగకయే దానిని విడిచి వేరొక దారి చూచుకొనును. మేము బాణమును నొక్కియుండగా ఫోను పీఠమును విడిచెను. వ్రేలు తీసితిమి, గొట్టము ఆగలేదు. మెల్లగా, ఎవరి మాటయు విననిదై, దిగుచు దిగుచు ముక్కాలి కాలిని ఒరసికొనబోవుచుండగా పీఠపు మీటను నొక్కి విద్యుత్తును ఆపివేసితిమి. అప్పటినుండి పాఠశాలకై ప్రాత ఫోను నొకదానిని ప్రత్యేకించి, అందులోని సిమును తీసివేసి, పీఠపు మీట ప్రక్కన ఒకరు ఎల్లప్పుడు నిలిచియుండవలెనని నియమము చేసితిమి.

అట్లయిన తంతియే మేలు గదా యని కొందరనవచ్చును. తంతి మాట తప్పదు, నిజమే. కాని పీఠము చుట్టు తిరుగుకొలది తంతి ముక్కాలికి చుట్టుకొనును; చీకటిలో పిల్లల కాళ్ళకు తగులును; అన్నింటికి మించి, తంతి పట్టుకొన్నవాడు పీఠము ప్రక్కననే నిలువవలెను. తంతి లేనిచో పది గజముల దూరమున కూర్చున్నవారును నడుపవచ్చును. ఈ పది గజములే మాకు ముఖ్యమైనవి. ఏలయో తరువాత చెప్పెదము.

జనవరి 31 రాత్రి పడమట సన్నని చంద్రరేఖ, దానికి చేరువగా శని, కొంచెము పైగా శుక్రుడు ఉండిరి. శుక్రుడు కంటికి గొప్ప చుక్కవలె నున్నను దూరదర్శినిలో చంద్రవంకవలె కనబడుటచే చాలమంది పిల్లలు "ఇది చంద్రుడే, మీరు పొరబడితిరి" అని మాతో వాదించిరి. శని వలయము ఆ సంవత్సరమున మనకు అంచువైపు తిరిగియుండుటచే సన్నని గీతవలె గ్రహమునకు ఇరువైపుల పొడుచుకొని యుండెను. శని అస్తమించులోపల అందరికి చూపవలెనని తొందరపడితిమి. మోటారుల వలన గొట్టమును మరల తాకనక్కరలేకపోయెను. ఆ రాత్రి ఏ పిల్లవాడును చూడక "చూచితినండి" అన్నట్లు మాకు తోచలేదు.

ఎనిమిది గంటలకు గురుడు దాదాపు నడినెత్తికి వచ్చెను. ప్రక్కననే రోహిణి. మన కృష్ణా గుంటూరు ప్రాంతములవారికి ఇదొక విశేషము. విజయవాడ అక్షాంశము దాదాపు 16 భాగల 31 కళలు. రోహిణి క్రాంతియు అంతే. అందుచే రోహిణి ప్రతిదినమును మన నడినెత్తిమీదుగానే దాటును. కంటికి ఇది శోభ. మన పీఠమునకు సంకటము. గొట్టము నిట్టనిలువుగా నిలిచినప్పుడు నక్షత్రము తూర్పునుండి పడమటికి కొంచెము దాటగానే, పీఠము దిక్కు మార్చుటకై సగము చుట్టు తిరుగవలెను. గురుడు నడినెత్తికి సమీపించుచుండగా పీఠము వేగముగా తిరుగ మొదలిడి కొంతసేపు గ్రహమును పోగొట్టుకొనెను. మేము పది నిమిషములు మృగశిరను చూపి, గురుడు పడమటికి వాలిన తరువాత మరల పట్టితిమి. భూమియిరుసుతో సమముగా వాల్చిన పీఠములకు ఈ బాధ లేదు. కాని వానిని ధ్రువనక్షత్రము వైపు గురి చేయవలెను. మనకు ధ్రువుడు క్షితిజమునకు 16 భాగల ఎత్తున మాత్రమే యుండును. మన మైదానపు ఉత్తరముననున్న చింతచెట్లు అతనిని ఏనాడును కననియ్యవు.

ఇట్లు దూరమునుండి ఆజ్ఞ లిచ్చి నడుపుట బడిపిల్లల వేడుక మాత్రమే కాదు. లడాఖులోని హాన్లె యను చోట, సముద్రమట్టమునకు 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల అద్దముగల హిమాలయ చంద్ర దూరదర్శిని కలదు. 2000వ సంవత్సరమున అది మొదట ఆకాశమును చూచెను. అచటి గాలి పలుచన, చలి దుస్సహము. కావున దానిని రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున బెంగుళూరు సమీపముననున్న హోసకోటనుండి ఉపగ్రహము ద్వారా నడుపునట్లు ఏర్పాటు చేసిరి. ఆ ఉపగ్రహములు భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. మాట పైకి పోయి క్రిందికి దిగుటకు పావు సెకను. బదులు వచ్చుటకు మరియొక పావు సెకను. వెలుతురు వేగమున పోయినను ఈ అర సెకను తప్పదు. బాణపు గుర్తును నొక్కి పట్టుకొని నడుపుట అచట కుదురదు. "అచటికి పొమ్ము" అని చెప్పి, తక్కినది యంత్రమునకు విడువవలసినదే. మన పీఠములో చూచిన న్యాయమే అచటను. దీనిని నిర్వహించు భారత ఖగోళభౌతిక సంస్థకు తొలి సంచాలకుడైన వేణు బాప్పుగారు హైదరాబాదులో నిజాం కళాశాలలో చదివినవారని, వారి తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసిరని మన పిల్లలు తెలిసికొనదగును.

ఒక హెచ్చరిక చేయక ఈ వ్యాసము సాగదు. ఫోను తెరమీద గ్రహముల పట్టికలో సూర్యుని పేరును ఉండును. పగటివేళ ఎవరైనను ఆ పేరును తాకినచో యంత్రము విధేయతతో గొట్టమును సూర్యునివైపు త్రిప్పును. దూరదర్శినిలో సూర్యుని చూచిన కన్ను క్షణములో చెడును. కంటి లోపలి పొరకు నొప్పి తెలియదు కావున చూచువానికి అప్పుడు తెలియనైన తెలియదు. ప్రక్కనుండు చిన్న గురిగొట్టమును అంతే ప్రమాదము. అందుచే మన దూరదర్శిని పగలు బయటికి రాదు. ఫోనులో సూర్యుని పేరును తాకినను పోకుండునట్లు కట్టుబాటు చేసితిమి. రెండు గొట్టములకును మూతలు వేసి బీరువాలో ఉంచితిమి. ఈ విషయమున ఏ విద్యార్థి వేడుకకును చోటు లేదు.

కంటికటకమే లేక, ఆకాశమును ఫొటోలు తీసి ఫోను తెరమీదనే చూపు యంత్రములు నేడు అమ్ముచున్నారు. అవి కంటికందని మసక మేఘములను రంగులతో చూపునని విన్నాము, చూచితిమి కూడ. పాఠశాలకు అట్టిది కొనుడని సలహా యిచ్చినవారున్నారు. ఉత్తరము వ్రాసిన తండ్రిగారి ప్రశ్న సరిగా తగులునది అచటనే. అందులో చూచునది తెర. మనము చూపినది శని నుండి బయలుదేరి గంటకు పైగా ప్రయాణించి నేరుగా పిల్లల కంటిలో పడిన వెలుతురు. మనకు ఇదియే చాలును.

ఇక ఆ బాలిక సంగతి. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి బడికి వచ్చునది. మన దూరదర్శినిలో కంటికటకము గొట్టము పైకొనన నుండునని మొదటనే చెప్పితిమి. పడమట క్రిందుగానున్న శని శుక్రులను చూచునప్పుడు కంటికటకము ఆమెకు అందెను. నడినెత్తిననున్న గురుని చూచుటకు తక్కిన పిల్లలు బల్ల యెక్కిరి; ఆమె యెక్కలేకపోయెను. పది గజముల దూరమున కూర్చుండి ఫోనుతో పీఠమును నడపినది ఆమెయే. ఏ నక్షత్రము తరువాత ఏది చూపవలెనో, ఏది చెట్లచాటునకు పోవుచున్నదో చూచి చెప్పినది ఆమెయే. గురుడు తప్పిపోయినప్పుడు మృగశిరకు మరలింపుమని సూచించినదియు ఆమెయే. ఆ సంగతి మేము తండ్రిగారికి వ్రాసి, ఫిబ్రవరి 21వ తేది శుక్రవారము రాత్రికి రమ్మని కోరితిమి.

ఆయన వచ్చిరి. చాలసేపు చేతులు కట్టుకొని దూరముగా నిలిచిరి. తరువాత కుమార్తె యొద్దకు పోయి, "అందులో పిల్లలకోడి యున్నదా?" అని యడిగిరి. చిన్నతనమున చేనికాపు పడుకొన్నప్పుడు ఆ చుక్కలగుంపును చూచియే ప్రొద్దెంత పోయినదో చెప్పుకొనెడివారమని మాతో ననిరి. ఫోనులో ఆ పేరు లేదు. "ఇవేగదా నాయనా కృత్తికలు" అని ఆమె వేరొక పేరును వెదకి తాకెను. గొట్టము గిఱ్ఱుమని తిరిగి నిలిచెను. ఆయన బల్ల యెక్కి చూచిరి. కంటికి ఆరుగా కనబడు చుక్కలు అచట డజనులకొలది యుండెను. వాని వెలుతురు బయలుదేరి సుమారు 440 ఏండ్లయినదని, అనగా తల్లికోట యుద్ధము జరిగిన ఇరువదేండ్లకని మేము చెప్పితిమి. ఆయన విన్నట్లు తోచలేదు. దిగి వచ్చి, "అమ్మాయి చూడలేదేమి?" అనిరి.

కంటికటకము ఆమెకు ఇంకను ఎత్తుననే యుండెను. ముక్కాలి కాళ్ళను అంతకుమున్నే పూర్తిగా తగ్గించితిమి. ఆ గుంపు పడమటికి వాలినచో గొట్టము వంగి కంటికటకము దిగునని, దానికి తొమ్మిదిన్నర కావచ్చునని ఆమెయే లెక్కగట్టి చెప్పెను. తక్కిన పిల్లలు ఇండ్లకు పోయిరి. కావలివాడు దీపములార్పెను. తండ్రి కుర్చీ ప్రక్కన గడ్డిమీద కూర్చుండిరి. తొమ్మిది దాటి నలువది నిమిషములకు మేము కుర్చీని ముక్కాలి దాపునకు నెట్టి, చక్రములకు ఇటుకలు ఒత్తితిమి. ఆమె ఫోనును తండ్రి చేతికిచ్చి, కంటికటకము దగ్గరకు వంగెను.